గిలక ఉన్న గది

ఎవరైనా ఇంటికి వస్తున్నారని తెలిస్తే రాధ మొదట చేసే పని, చెప్పుల స్టాండుని గోడ దగ్గర్నుంచి పక్కకి జరపడం. అది అక్కడే ఉంటే కొత్త తలుపు తెరుచుకోదు.

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో, తొమ్మిదో అంతస్తులో వాళ్ల ఫ్లాట్. కొన్నప్పుడు రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు. ఇంట్లో వాళ్లు ముగ్గురే ఉన్నప్పుడు ఇప్పటికీ అంతే. ఎవరైనా వచ్చే ముందు రోజు సాయంత్రానికి మాత్రం హాల్లో ఉత్తరపు గోడకి ఒక తలుపు వస్తుంది. దాని వెనక గది. ఇద్దరు వేరువేరుగా వస్తుంటే రెండు తలుపులు. వచ్చినవాళ్లు పెట్టెలు సర్దుకుని చాంగీ ఎయిర్‌పోర్టుకి బయల్దేరాక, లిఫ్టు కిందికి దిగేలోపే గది వెళ్లిపోతుంది. గోడా, గోడకి క్యాలెండరూ మిగుల్తాయి. పన్నెండేళ్లుగా ఇదే వరస.

ఏ గది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. రాధ భర్త కేశవరావు వాళ్ల పెదనాన్నగారు వచ్చినప్పుడు గదికి చిన్న బాల్కనీ వచ్చింది. ఆయనకి చుట్ట అలవాటు. క్లెమెంటిలో అద్దె గది దొరికేదాకా రెండు నెలలున్న పీహెచ్‌డీ కుర్రాడికి గోడ పొడుగునా పుస్తకాల అరలు వచ్చాయి. ఎదురింటి మిసెస్ టాన్ లిఫ్టు దగ్గర పెట్టెలు చూసి "మళ్లీ గెస్టులా, రాధా?" అనేది. అంతకు మించి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

అడక్కపోగా పంపించేవాళ్లు. సింగపూర్లో తెలుగువాళ్లకి ఎవరికి ఇల్లు ఇరుకైనా "కేశవరావుగారింట్లో చోటుకేం లోటు" అనే మాట ముందొచ్చేది. గది వచ్చేది గానీ గదితోపాటు వంటమనిషి వచ్చేది కాదు. రాధ బిషాన్ లైబ్రరీలో పనిచేస్తుంది. పొద్దున్నే అందరికీ వండి, బాక్సులు కట్టి, తను సింకు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి ట్రైన్ ఎక్కేది. ఆ ఏడు మే నెలలో, నలభయ్యారో పుట్టినరోజు నాడు, భర్తతో చెప్పేసింది.

"ఇంక చాలండీ. ఈసారి ఎవరడిగినా కాదని చెప్పండి."

కేశవరావు సరేనన్నాడు. సరిగ్గా పదిరోజులకి, బ్యాంకులో పక్క సీట్లో పనిచేసే మహీధర్ కోసం ఆ మాట తప్పాడు. మహీధర్ వాళ్ల చర్చికి పాలకొల్లు నుంచి ముగ్గురు వస్తున్నారు. పన్నెండు రోజులు ఒక నర్సింగ్ హోములో వృద్ధులకి సేవ చేసి వెళ్తారు. వాళ్లని ఉంచుకుంటామన్న ఇంట్లో పిల్లలకి అమ్మవారు పోసింది.

"మనది పూజలున్న ఇల్లు. వాళ్లకి ఇబ్బందవుతుందేమోనన్నాను కూడా," అన్నాడు నసుగుతూ.

"ఎవరి గది వాళ్లకొస్తుంది కదా, ఇబ్బందేముంది?" అంది రాధ. కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక స్టవ్వు తుడిచింది. "ముగ్గురేనా?"

"ముగ్గురే."

"ఇదే ఆఖరు."

వాళ్లు వచ్చే ముందు రోజు సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి కూతురు శ్రీజ హాలు మధ్యలో నిలబడి ఉంది. దానికి పదమూడేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎక్కువగా ఇంగ్లీషులోనే, చివర ఇక్కడివాళ్లలా ఒక 'లా' తగిలించి.

"అమ్మా, ఫోర్ లా."

"ఏంటి ఫోర్?"

"డోర్స్."

నిజమే. నాలుగు తలుపులు. పన్నెండేళ్లలో లెక్క తప్పడం ఎన్నడూ లేదు. మొదటి గదిలో రాసుకునే బల్ల, రెండో గదిలో కీబోర్డు పెట్టుకునే స్టాండు, మూడో గదిలో నేల మీద పడుకునేవాళ్లకి మల్లే పరుపూ, ఆసుపత్రుల్లో ఉండే తెల్ల దుప్పటీ. అవి ముగ్గురివీ. నాలుగో తలుపు మిగతావాటికంటే వెడల్పు. గడప లేదు. లోపల ఎత్తు తక్కువ మంచం, మంచం పక్కన గోడకి పట్టుకోడానికి స్టీలు కడ్డీ. కిటికీ దగ్గర కప్పుకి ఒక ఇనప గిలక. నూతి మీద ఉంటుందే, అలాంటిదే, కాస్త చిన్నది. దాని మీదుగా పసుప్పచ్చ నైలాను తాడు. ఒక కొస కిటికీ పక్క కొక్కేనికి కట్టి ఉంది. రెండో కొస ఖాళీగా వేలాడుతోంది.

"జిమ్ కోసమేమో," అంది శ్రీజ.

రాధ ఫోను తీసి తెనాలిలో అత్తగారిని అడిగింది, అన్నయ్యని అడిగింది, ఆడబిడ్డని అడిగింది: మీరెవరైనా వస్తున్నారా? ఎవరూ రావడం లేదు. అత్తగారు మాత్రం "రమ్మంటే వస్తాను గానీ గిలకతో నాకేం పనే?" అంది.

*

వచ్చినవాళ్లలో పెద్దాయన ప్రభుదాసుగారు, పాస్టరు. సన్నగా, తెల్ల చొక్కాతో, ఒక కొత్త నోటుబుక్కు ఎప్పుడూ చేతిలో. తిరిగి వెళ్లాక ఎంతమందికి సువార్త చెప్పామో సంఘానికి నివేదిక ఇవ్వాలి, అందుకని. రెండో ఆమె గీతాంజలి, నర్సింగ్ చదివే అమ్మాయి, బాగా పాడుతుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. మూడో ఆవిడ జీవరత్నమ్మ. గవర్నమెంటు ఆసుపత్రిలో ముప్పైనాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. విమానం ఎక్కడం ఇదే మొదలు.

చాంగీ నుంచి ఇంటిదాకా కారులో కిటికీకి మొహం ఆనించి చూస్తూనే ఉంది జీవరత్నమ్మ. ఒక చెట్టు ఆకు కూడా రోడ్డు మీద లేదు.

"పాస్టరుగారండీ," అంది చివరికి, "ఇంత శుభ్రంగా ఉన్న ఊళ్లో మనం చేసే సేవ ఏముంటుందండీ?"

"దేవుడు చూపిస్తాడమ్మా," అన్నారాయన. ఆయనకీ లోపల అదే అనుమానం.

మర్నాడు చర్చిలో నియమాలు చెప్పారు. బోధించకూడదు. కరపత్రాలు పంచకూడదు. ఎవరైనా అడిగితేనే ప్రార్థన చెయ్యాలి. గోళ్లు తీయండి, తల దువ్వండి, అన్నం తినిపించండి, పాట పాడండి. ప్రభుదాసుగారు నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం నాలుగో గది గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఎవరో రావాల్సి ఉందమ్మా. నేను ప్రార్థనలో పెడతాను," అన్నారు రాధతో.

"ఎవరూ రాకుండా పెట్టండి," అందామనుకుని ఊరుకుంది రాధ.

జీవరత్నమ్మ వంటింట్లోకి వచ్చి గిన్నెలకి చెయ్యి చాపింది. "అమ్మా రాధమ్మా, అవిలా ఇవ్వండి. ఈ చేతులు ఊరుకోలేవు."

"వద్దండీ. మీరు గెస్టులు."

"మీరు తిన్నారా?"

"తింటానండీ, అదెంతసేపు."

జీవరత్నమ్మ పక్కకి తప్పుకుని, ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. నర్సు కదా, ఎదుటి మనిషి అలసటని ఎలా కదిలించాలో తెలుసు. పది నిమిషాల్లో రాధ, తనకే తెలియకుండా, ఎవరికీ చెప్పనిదంతా చెప్పేసింది. పన్నెండేళ్లు, అరవై మందో డెబ్భై మందో, ప్రతి ఒక్కరూ మంచివాళ్లే, తనకే ఓపిక అయిపోయింది, మీతో ఆఖరు. చెప్పాక నాలిక్కరుచుకుంది.

"మిమ్మల్ని అనలేదండీ."

"నన్నేమీ అనలేదులేమ్మా. ఆఖరు పేషెంటు వెళ్లాక నేనూ అలాగే కూలబడేదాన్ని," అంది జీవరత్నమ్మ.

*

నర్సింగ్ హోము నాలుగు బస్‌స్టాపుల దూరం. శుభ్రమైన వార్డులు, ఓపికున్న నర్సులు. కాకపోతే ముసలివాళ్లు ఎక్కువ, చేతులు తక్కువ. రెండో అంతస్తులో చూసుకునే నర్సు ఖిన్ బర్మా అమ్మాయి. నాలుగో రోజున జీవరత్నమ్మకి గోరువెచ్చటి నీళ్ల బేసినూ, నెయిల్ కట్టరూ ఇచ్చి కిటికీ పక్క మంచం చూపించింది.

"అంకుల్ పారన్. మాట రాదు. రెండేళ్ల కిందట స్ట్రోక్ వచ్చాక పోయింది. ఏవో శబ్దాలు చేస్తారు. కొట్టరు, తిట్టరు, భయపడకండి," అంది ఇంగ్లీషులో. గీతాంజలి తెలుగులో చెప్పింది.

ఎనభై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా, చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. జీవరత్నమ్మ కింద పీట వేసుకుని, ఆయన పాదాలు ఎత్తి బేసిన్లో పెట్టింది.

"నీల్లు శానా ఏడిగున్నాయి, గుంటా."

జీవరత్నమ్మ పక్కనున్న చెంబులోంచి చన్నీళ్లు కలిపింది. చెయ్యి పెట్టి చూసింది. ఇంకాస్త కలిపింది. అప్పుడు ఆగిపోయింది.

తల ఎత్తి చూస్తే ముసలాయన ఆవిడ వైపే చూస్తున్నాడు. నీళ్లు చల్లారాయి. తను అన్నది ఒక మనిషికి వినిపించింది. ఆయన మొహంలో ఆశ్చర్యం కంటే జాగ్రత్త ఎక్కువుంది, గట్టిగా ఊపిరి తీస్తే అది పోతుందేమో అన్నట్టు.

"బాబాయిగారూ," అంది జీవరత్నమ్మ మెల్లగా, "మీరు తెలుగువారా అండీ?"

"మరేటనుకున్నావు?"

"ఇన్నాళ్లూ ఎవరితోనూ మాట్లాడలేదటగా?"

"నానెందుకు మాటాడ్నూ? రోజూ మాటాడతన్నాను. ఈలందరికీ సెవుడు," అన్నాడాయన గొంతు తగ్గించి. "పాపం, మంచోల్లే. ఏటి సెప్పినా ఇనపడదు."

గీతాంజలి పరుగెత్తి ఖిన్‌ని తీసుకొచ్చింది. ఖిన్ వచ్చి మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది. "ఇవి మాటలా?" అంది. "రోజూ పొద్దున ఇదే శబ్దం చేస్తారు. నేను దుప్పటి కప్పుతాను. అడిగింది దుప్పటి కాదా?"

ఆయన పేరు పరంధామయ్య. మలయా రబ్బరు తోటలో పుట్టాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీ. ఇరవయ్యేళ్లప్పుడు సింగపూరు వచ్చి హార్బర్లో పనికి కుదిరాడు. ఊళ్లో మలయ్ భాష, తమిళం మాట్లాడేవాడు, ఇంట్లో భార్యతో తెలుగు. పిల్లల్లేరు. భార్య పోయిన ఏడాదే ఆయన పడిపోయాడు. లేచేసరికి ఆ రెండు భాషలూ పోయాయి, అమ్మ నేర్పింది మిగిలింది. జోహోర్లో ఉన్న మేనల్లుడికి తెలుగు రాదు. ఫైల్లో రాసిన పేరు సగానికి విరిగి 'పారన్' అయింది. అందులో తెలుగు ఎవరికి కనపడుతుంది?

ఆ రోజు నుంచి ప్రభుదాసుగారు పొద్దున్నే వెళ్లి పరంధామయ్యకి గెడ్డం గీసేవారు. గీస్తూ మాటలు పెట్టి, ఆయన ఏ మాటకి ఏమంటాడో అడిగి, తన కొత్త నోటుబుక్కులో రాసుకునేవారు. మూడు రోజుల్లో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఒక పట్టిక తయారుచేసి మంచం తలాపున అంటించారు. తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థం. నీల్లు. నొప్పి. సలేస్తంది. వద్దు. ఒగ్గీయండి, అంటే వదిలేయండి. ఖిన్ డ్యూటీలో ఉన్నంతసేపూ అటూ ఇటూ పోతూ "నొప్పి ఉందా? నొప్పి ఉందా?" అని వల్లించుకునేది. ముసలాయన అది విని, "ఈ గుంటకి సెవుడు తగ్గింది," అనేవాడు.

రోజూ తొమ్మిదింటికి పరంధామయ్య కుడిచెయ్యి పైకెత్తి, గాల్లో దేన్నో పట్టుకుని, గుప్పిటగా కిందికి లాగేవాడు. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. వ్యాయామం నేర్పే అబ్బాయి చెయ్యి బాగుపడుతోందని సంతోషపడేవాడు. ఆరో రోజు పొద్దున జీవరత్నమ్మ అడిగింది.

"ఏంటి బాబాయిగారూ లాగుతున్నారు?"

"పిట్టని దించొద్దేటి? ఎండెక్కిపోనాది. దానికి దాహమేస్తాది."

ఆయనకి ఒక పాడే గువ్వ ఉండేది, మెర్బోక్ అంటారు ఇక్కడ. పంజరానికి గుడ్డ తీసి, తాడుతో కిటికీలో పైకెత్తితే బ్లాకంతా వినపడేలా కూసేది. ఆదివారాలు పిట్టల పందేలకి, పొడుగాటి స్తంభాలుండే మైదానానికి తీసుకెళ్లేవాడు. నలభై ఏళ్లలో పదకొండు పిట్టలు.

"మరిక్కడ గిలక లేదు," అన్నాడు కప్పు వైపు చూసి. "ఏ గదిలో సూసినా లేదు. ఇది నా గది కాదు. నా గదికి గిలకుంటాది."

జీవరత్నమ్మ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊరికే కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నాలుగో గదిలోకి వెళ్లి, గిలక కింద నిలబడి తాడు కొస పట్టుకుని చూసింది. తర్వాత వంటింట్లోకి తొంగి చూసింది. రాధ లైబ్రరీ బ్యాగు భుజానుండగానే కుక్కరు మూత పెడుతోంది.

"ఏమన్నా కావాలా అండీ?" అంది రాధ.

గది మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. "రేపు కాస్త చారు పెట్టి ఇస్తారా అమ్మా? అక్కడొక పెద్దాయన, మన తెలుగాయన, నోరు చచ్చిపోయి ఉన్నాడు," అంది. అంతే అంది.

*

మెత్తగా పిసికిన చారన్నం డబ్బా రెండు రోజులు నర్సింగ్ హోముకి వెళ్లింది. రెండు రోజులూ కడిగినంత ఖాళీగా తిరిగొచ్చింది. అన్నేళ్లుగా ఎందరికో వండిన రాధకి, ఈ తినే మనిషెవరో చూడాలనిపించింది. శనివారం సెలవు. తనే పట్టుకెళ్లింది, శ్రీజ కూడా వెంటపడింది.

వాళ్లు వెళ్లేసరికి తొమ్మిదైంది. పరంధామయ్య చెయ్యి పైకెత్తి గాల్లో తాడు లాగుతున్నాడు.

రాధ గుమ్మంలోనే ఆగిపోయింది. తొమ్మిది రోజులుగా ఆ గిలకని చూసి చూసి, అది ఏ ఎత్తులో ఉందో, తాడు ఎంత పొడుగుందో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు. శ్రీజ తల్లి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా. ఇట్స్ హిమ్."

రాధ డబ్బా బల్ల మీద పెట్టి, జీవరత్నమ్మని వరండాలోకి పిలిచింది.

"మీకు ముందే తెలుసా?"

"మొన్ననే తెలిసిందమ్మా."

"చెప్పలేదే?"

"మీరు చెప్పుకున్న మాట ఒకటి నా దగ్గరుంది. అది విన్నాక ఎలా అడుగుతాను? పన్నెండ్రోజులకని వచ్చినదాన్ని. నేను వెళ్లిపోతాను, చెయ్యాల్సింది మీరు."

"నేను చెయ్యలేనండీ," అంది రాధ. "మీకు సేవ చెయ్యడం ఇష్టం, అందుకు సముద్రం దాటి వచ్చారు. నేను రాలేదు. నాకు ఎవరూ చెప్పి పంపలేదు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ఎవరూ లేని ఇల్లు కావాలి నాకు."

"తప్పేముందమ్మా అందులో," అంది జీవరత్నమ్మ. నిజంగానే అంది.

మిగిలిన మూడు రోజులూ ఆ ప్రస్తావన రాలేదు. రాధ చారు పెట్టడం మానలేదు, పట్టుకెళ్లడం మానింది. బయల్దేరే రోజున చాంగీలో జీవరత్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు. అడగను కూడా," అంది.

"అడక్కపోవడమే బరువుగా ఉందండీ," అంది రాధ.

ఇంటికి తిరిగొచ్చేసరికి మూడు తలుపులు వెళ్లిపోయాయి. నాలుగోది ఉంది.

ఆమె చెప్పుల స్టాండుని లాగి దానికి అడ్డంగా పెట్టింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎన్నాళ్లనుంచో కోరుకున్న నిశ్శబ్దం. మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం శ్రీజ స్టాండు జరుపుకుని లోపలికెళ్లి చదువుకోవడం మొదలుపెట్టింది. "ఇక్కడ గాలి బాగుంటుంది లా," అంది. కేశవరావు ఆఫీసుకి వెళ్తూ ఆ తలుపు వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూసేవాడు. మహీధర్‌కి మాటిచ్చిన తప్పు ఇంకా ఆయన మీద ఉంది.

మూడో వారంలో, లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుండగా ఫోను మోగింది. ఖిన్. గీతాంజలి వెళ్తూ వెళ్తూ ఆమెకి నంబరు ఇచ్చి వెళ్లింది.

"సారీ మేడమ్. అంకుల్ నాలుగు రోజులుగా ఒకటే మాట అంటున్నారు. అది పట్టికలో లేదు. వింటారా?"

ఫోను చెయ్యి మారిన చప్పుడు. తర్వాత పెద్ద ఊపిరి.

"ఎవులమ్మా?"

"రాధనండీ. చారు పంపేదాన్ని."

"ఓ. నీకు ఇనపడతాది కదూ? అయితే సెప్పు. గది రడీ అయిపోనాది కదా, మరెవులూ వొచ్చి తీసుకెల్లరేటి?"

రాధ రెండు అల్మరాల మధ్య సందులోకి వెళ్లి నిలబడింది. "గది రెడీ అయిందని మీకెవరు చెప్పారు?"

"సెప్పేదేటి? నా గది నాకు తెల్దా?"

ఆయన గొంతులో బతిమాలడం లేదు. ఆలస్యమైన బస్సు గురించి అడుగుతున్నట్టుంది. రాధకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు వచ్చాయి, ఏది ముందో తెలియలేదు.

"కాస్త దుమ్ముందండీ," అంది. "దులపాలి."

"దులుపు దులుపు. తొందరేటి లేదు," అన్నాడు పరంధామయ్య.

*

తొందరేమీ లేకుండానే జరిగింది. ఫారాలు నింపడానికి, డాక్టరు ఒప్పుకోవడానికి, జోహోర్ నుంచి మేనల్లుడు వచ్చి సంతకం పెట్టడానికి రెండు నెలలు పట్టింది. సోషల్ వర్కరు ఒకాయన టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. తలుపు వెడల్పు కొలిచాడు, కడ్డీ ఊపి చూశాడు, గడప లేనందుకు మెచ్చుకున్నాడు. చేతిలో ఉన్న ఫ్లాటు ప్లానులో రెండే పడగ్గదులున్నాయి. ప్లాను చూసి, తలుపు చూసి, ఫారంలో 'గది' అన్నదానికి ఎదురుగా ఉన్న గడిలో 'అనుకూలం' అని టిక్కు పెట్టుకుని, రాధ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. పగలు రాధ పనికెళ్లే వేళల్లో ఆయన్ని కింది బ్లాకులోని డే కేర్‌లో చూసుకుంటారు. పొద్దునా సాయంత్రం తీసుకెళ్లి తీసుకొచ్చే పని కేశవరావు తనంతట తనే పెట్టుకున్నాడు. శ్రీజ అట్టమీది పట్టికని ఫొటో తీసుకుని బట్టీపట్టింది.

పాలకొల్లు నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక జీవరత్నమ్మ ఫోను చేసింది. సంగతి విని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత, "పాస్టరుగారి నివేదిక చదివారమ్మా ఇవాళ సంఘంలో. ఎంతమందికి చెప్పారన్న చోట ఏం రాశారో తెలుసా? ఒకరు చెప్పింది విన్నాము అని," అంది. "కమిటీవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన మాత్రం తల ఎత్తే కూర్చున్నారు."

శనివారం పొద్దున పదకొండింటికి వ్యాను వచ్చింది. ఖిన్ తన సెలవు రోజున కూడా వెంట వచ్చి, ఆయన్ని గదిలో దింపి, "నొప్పి ఉందా?" అని ఆఖరుసారి అడిగి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. పరంధామయ్య గది నాలుగు వైపులా చూశాడు. తల ఎత్తి గిలక చూశాడు. కుర్చీ జరిపించుకుని, తాడు కొస అందుకుని ఒకసారి లాగి, అది తిరుగుతోందని నిర్ధారణ చేసుకున్నాడు. ఆశ్చర్యం ఏమీ లేదు ఆయన మొహంలో. ఊరెళ్లి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

ఒంటిగంటకి రాధ కంచంలో చారన్నం, మెత్తగా ఉడికిన దోసకాయ కూర పెట్టుకుని, చెంచా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పొద్దుట్నుంచీ కాఫీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. నుదుటి మీద చెమట.

పరంధామయ్య ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవులూ? రా అమ్మా, రా. ఎండనపడి వొచ్చినావు. గుమ్మంలో నిలబడతావేటి, కూకో."

"అన్నం తెచ్చానండీ. నేను రాధని," అంది.

"రాధమ్మా. మంచి పేరు. కూకో ముందు." మంచం మీద చోటు చూపించాడు. "తిన్నావేటి?"

రాధకి అలవాటుగా వచ్చే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"లేదండీ," అంది.

"నాకు తెల్సు. మొకం సూస్తే తెల్దేటి? ఆ కంచం ఒళ్లో పెట్టుకో. ముందు నువ్వు తిను, నాకు తర్వాతెట్టుదువులే. మా ఇంటికి ఎవులొచ్చినా తినకుండా ఎల్లరు. మొగమాటం పడకు."

రాధ మంచం అంచున కూర్చుంది. కంచం ఒళ్లో పెట్టుకుంది. చెంచా పక్కన పెట్టి, చేత్తో ముద్ద కలిపింది. కిటికీలోంచి గాలి వస్తోంది. ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పెళ్లిలో పెద్దలా, ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. ముద్ద ముద్దకీ తల ఊపుతున్నాడు.

"బాగుందా?"

తల ఊపింది. ఎవరి వంటో తెలియనట్టు తింటోంది.

హాల్లోంచి శ్రీజ పిలిచింది. "అమ్మా! వేర్ ఆర్ యూ? డాడీ అడుగుతున్నాడు!"

జవాబు పరంధామయ్య చెప్పాడు, గట్టిగా, ఇంటి యజమాని గొంతుతో.

"అన్నం తింటంది. అయ్యేదాకా ఎవులూ పిలవకండి."